కథ ముగియు చోటు: రామాయణ ధారావాహికయు, ఉత్తరకాండ వివాదమును

బస్తరు సీమ దండకారణ్యములోనిదని మన పెద్దలు చెప్పుదురు. శ్రీరాముడు వనవాసకాలములో సంచరించిన అడవులివే యని అచ్చటివారి నమ్మకము. ఇంద్రావతియు శబరియు ఈ సీమను తడిపి వచ్చి మన గోదావరిలో కలియుచున్నవి. శబరీసంగమమునకు ఎగువను భద్రాచలము, ఇంకను ఎగువను పర్ణశాల కలవు. సీతాపహరణము జరిగిన తావు పర్ణశాలయే యని మనవైపు ఐతిహ్యము. భోపాలపట్నము, కోంటా ప్రాంతములలో తెలుగు నేటికిని వినబడుచున్నది. ఇంతటి సంబంధముగల సీమలో దసరా ఉత్సవమును చూడబోయిన తెలుగువాడు రామకథయే అచ్చట ప్రధానముగా కనబడునని తలంచుట సహజము. నేనును అట్లే తలంచి కొన్ని యేండ్ల క్రిందట జగదల్పూరు వెళ్ళితిని. 75 దినములు సాగు ఆ మహోత్సవములో రాముడు లేడు, రావణదహనమును లేదు. అది దంతేశ్వరీదేవి ఉత్సవము. దాని ముగింపు వేఱొక విధమైనది. ఆ ముగింపును గుఱించి ఈ వ్యాసము చివర ప్రస్తావించెదను.

ఆ ప్రయాణములోనే ఒక విశ్రాంత ఉపాధ్యాయునితో పరిచయము కలిగినది. ఆయన పూర్వులు భోపాలపట్నము వైపు తెలుగువారు. ఆయన ఉద్యోగరీత్యా జగదల్పూరులో స్థిరపడిరి. రావణదహనము లేని దసరాను గుఱించి మాటలాడుచుండగా ఆయన నవ్వి, 1988 నాటి ఒక ఆదివారమును జ్ఞప్తికి తెచ్చుకొనిరి. ఆనాటి ఉదయము దూరదర్శన్‌లో రామాయణ ధారావాహిక చివరి భాగము ప్రసారమైనది. పొరుగింటి టెలివిజన్ ముందు వీధివారందఱు చేరిరి. పట్టాభిషేకము కాగానే ఆయన తండ్రిగారు లేచి, తెరకు నమస్కరించి, ఇంటికి బయలుదేఱిరి. తల్లిగారు మాత్రము కూర్చున్నచోటనే కూర్చుండి, "మరి సీతమ్మ సంగతేమిటండీ? పిల్లల సంగతేమిటి?" అని అడిగినది. పారాయణము పట్టాభిషేకముతో, అనగా శుభముతో ముగియవలెనని తండ్రిగారి సమాధానము. "శుభం ఎవరికండీ?" అని ఆమె ప్రశ్న. ఆ తగవు ఆనాడు తేలలేదు. "మా అమ్మ పోయేదాకా తేలలేదండి" అని ఆయన చెప్పిరి.

ఒక ఇంట తేలని ఈ ప్రశ్నయే ఆ సంవత్సరము దేశములోని ప్రేక్షకులను రెండుగా చీల్చినది. ఇది టెలివిజన్‌తో పుట్టిన ప్రశ్న యని చాలమంది తలంచుచున్నారు. కాని ఆదికావ్యము పుట్టిననాటినుండియు ఇది మన వెంట వచ్చుచున్నది. మన తెలుగు కవులును దీని విషయమున ఏకాభిప్రాయులు కారు. కథ యెచ్చట ముగియవలెనను తగవు పైకి రుచిభేదముగా కనబడును. లోన అది ఆ కథలో ఎవరికి చోటున్నదను తగవు. ఈ సంగతిని చరిత్రమూలమున విశదపఱచుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

*

రామానంద సాగర్ నిర్మించి దర్శకత్వము వహించిన 'రామాయణ్' 1987 జనవరి 25వ తేదీన ప్రారంభమై, వారము వారము ఆదివారము ఉదయమున ప్రసారమైనది. మొదట 52 భాగములుగా సంకల్పింపబడి, ప్రజాదరణచేత పెరిగి, 78 భాగములతో 1988 జూలై 31వ తేదీన ముగిసినది. దానిని చూచినవారు 8 కోట్లనుండి 10 కోట్ల వఱకు ఉందురని ఆనాటి అంచనా. ఆ గడియలలో వీధులు నిర్మానుష్యములైనవి. టెలివిజన్ పెట్టెకు పూలదండలు వేసి హారతులిచ్చిన ఇండ్లు ఎన్నియో. నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుచుంటిని. మా ఊరిలో హిందీ తెలిసినవారు పదిమంది లేరు. అయినను ఎవరును అర్థము కాలేదనలేదు. కథ అందఱికిని తెలిసినదే గావున భాష అడ్డము రాలేదు. ధారావాహికకు ఆధారములైన గ్రంథముల పట్టికలో మన రంగనాథ రామాయణము పేరు తెరమీద కనబడినప్పుడు మా తెలుగు మాస్టారు వారము దినములు దానినే చెప్పుకొనిరి.

ఆధారములు పెక్కు చెప్పబడినను ధారావాహికకు ప్రాణము తులసీదాసు రామచరితమానసము. మానసములో ఉత్తరకాండ కలదు. కాని అందు సీతాపరిత్యాగము లేదు. రామరాజ్య వర్ణనమును, భక్తిజ్ఞాన ప్రసంగములును అందు ప్రధానములు. ఆ మార్గమును పట్టిన సాగరు పట్టాభిషేకముతో తెర దించుట ఆ సంప్రదాయమునకు సమ్మతమే. భక్తులలో అధికసంఖ్యాకులు దానితో తృప్తిపడిరి. వారికి రామాయణమనగా ధర్మము గెలిచి సింహాసనమెక్కిన కథ. దాని మీదట మఱియొక దుఃఖమును కోరుట వారికి అపచారముగా తోచినది.

కాని, ఉత్తరకాండ లేకయే కథ ముగియనున్నదని తెలిసినంతనే, పంజాబులోని జలంధరు నగరమున పారిశుద్ధ్య కార్మికులు సమ్మె కట్టిరి. ఆ సమ్మె ఉత్తర హిందూదేశములోని పెక్కు నగరములకు ప్రాకినది. వీధులలో చెత్త పేరుకొని ప్రజారోగ్యమునకు ముప్పు వాటిల్లు స్థితి వచ్చినది. కూలి పెంపు కొఱకు గాక, ఒక కావ్యములోని చివరి కాండ కొఱకు కార్మికులు పని మానివేసిన సన్నివేశము సాహిత్యచరిత్రలో మిక్కిలి అరుదు. తుదకు ప్రభుత్వము దిగివచ్చినది. సాగరు మరల చిత్రీకరణకు పూనుకొనగా, లవకుశుల కథతో ఉత్తర రామాయణము 1988 చివరను ప్రారంభమై 1989లో పూర్తియైనది.

ఆ కార్మికులు వాల్మీకి సమాజమునకు చెందినవారు. ఆదికవి వారికి ఆదిగురువు, ఆరాధ్యదైవము. ఇప్పుడు కథను ఒకమాఱు వారి కన్నులతో చూడుడు. వాల్మీకి తాను రచించిన కావ్యములో ప్రధానపాత్రగా నిలుచునది ఉత్తరకాండలోనే. రాజు విడిచిన ఇల్లాలికి నీడనిచ్చినవాడు ఆయన. అడవిలో పుట్టిన రాజకుమారులకు అక్షరమును, వీణను, విల్లును నేర్పినవాడు ఆయన. నిండు సభలో నిలిచి, తన తపస్సునే పణముగా పెట్టి, సీత నిర్దోషురాలని చెప్పినవాడు ఆయన. పట్టాభిషేకముతో తెర దించినచో ఈ వాల్మీకి తెరమీదికి రానేరాడు. అయోధ్య మిగులును, ఆశ్రమము మిగులదు. తాము దినదినము ఊడ్చు నగరములలో తమకు ఏ గౌరవస్థానమును లేని మనుష్యులు, దేశమంతయు చూచుచున్న కథలో తమ గురువుకైన స్థానముండవలెనని కోరిరి. ఈ కోరికను మూఢభక్తి యని కొట్టివేయుట సులభము. కాని న్యాయము కాదు.

ఉత్తర రామాయణము వచ్చిన తరువాతను అభిప్రాయభేదము అంతరింపలేదు, రూపము మార్చుకొన్నది. సాగరు తన కృతిలో సీతను రాముడు వెడలగొట్టినట్లు గాక, రాజధర్మమునకు భంగము రాకుండ సీతయే నిశ్చయించుకొని వెళ్ళినట్లు చిత్రించెను. భక్తులకు ఇది ఊరట. స్త్రీపక్షమున ఆలోచించినవారికి ఇది దోషము యొక్క భారమును మోసపోయినదాని తలమీదనే పెట్టుట. వెలివేయబడిన స్త్రీ తన వెలిని తానే కోరుకొన్నట్లు చెప్పించుట కఠినమైన ఓదార్పు. 2020లో, మహమ్మారి కారణమున జనులు ఇండ్లకు పరిమితులై యున్న కాలమున, మార్చి 28వ తేదీనుండి దూరదర్శన్ ఈ ధారావాహికను మరల ప్రసారము చేసినది. ఏప్రిల్ 16వ తేదీన 7.7 కోట్ల ప్రజలు చూచిరని ఆ సంస్థ ప్రకటించినది. తరువాత ఉత్తర రామాయణమును వచ్చినది. దానితో పాటు పాత తగవును వచ్చినది. 1988లో పుట్టని పిల్లలు 2020లో తల్లిదండ్రులను అడిగిన ప్రశ్న జగదల్పూరులో ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్నయే.

*

ఈ ప్రశ్నకు మూలము వాల్మీకములోనే యున్నది. ఉత్తరకాండలో రాముడు తన కథకు తానే శ్రోత. నైమిశారణ్యములో అశ్వమేధము జరుగుచుండగా ఇద్దఱు బాలకులు వచ్చి పాడుదురు, రాజు వినును. వినుచు వినుచు ఆ గాయకులు తన పుత్రులని గుర్తించును. సీతను రప్పించును, ఆమె భూమిలో ప్రవేశించును. అప్పుడు శోకముతోను క్రోధముతోను భూమినే బెదిరించిన రామునితో బ్రహ్మ, ఈ కావ్యములో ఇంకను మిగిలిన భాగము కలదు, దానిని వినుమని చెప్పును. ఇది యెంతటి అద్భుతకల్పనమో ఆలోచింపుడు. కథానాయకునికే తన కథ ముగింపు నచ్చలేదు. అయినను అతడు శ్రోతగా కూర్చుండి శేషమును వినవలసినవాడైనాడు. ముగింపుతో పోరాడిన మొదటి ప్రేక్షకుడు రాముడే.

భవభూతి ఈ సూక్ష్మమును గ్రహించెను. ఎనిమిదవ శతాబ్దివాడైన ఆ మహాకవి ఉత్తరరామచరితములో ఏడవ అంకమున నాటకములో నాటకమును కల్పించెను. వాల్మీకి రచించిన రూపకమును గంగాతీరమున అప్సరసలు ప్రదర్శింతురు. రాముడు చూచును, ప్రదర్శనము మధ్య మూర్ఛిల్లును. అచ్చట భవభూతి మూలమును విడిచి సీతారాములను కలిపెను. కలుపుటకు ముందు ఒక పని చేయించెను: అరుంధతి పౌరజానపదుల నుద్దేశించి వారి అభిప్రాయ మడుగును, వారందఱును సీతకు మ్రొక్కుదురు. నిందను పుట్టించినది జనమే గావున ముగింపునకు జనుల సమ్మతి కావలెనని కవి భావము. ప్రేక్షకుల మాటతో విడిపోయిన కథ ప్రేక్షకుల సమ్మతితోనే కలిసినది.

ప్రేక్షకులు భిన్నాభిప్రాయులగుట దోషమని మన ఆలంకారికులు తలంపలేదు. భరతుని నాట్యశాస్త్రములో ప్రదర్శనసిద్ధిని విచారించు అధ్యాయము కలదు. చిఱునవ్వులు, కన్నీరు, కేకలు మున్నగువానితో తెలియునది మానుషీసిద్ధి. నిశ్శబ్దమైన నిండు సభలో తెలియునది దైవికీసిద్ధి. తగవు పుట్టినచో తీర్పు చెప్పుటకు ప్రాశ్నికులను పదిమందిని పేర్కొన్నాడు. వారిలో యజ్ఞవేత్త, వైయాకరణుడు, రాజు మాత్రమే గాక చిత్రకారుడును, వేశ్యయును, రాజసేవకుడును కలరు. ఎవరికి తెలిసిన విషయములో వారు ప్రమాణము. శృంగారోపచారములలో వేశ్య మాటకు గల విలువ రాజు మాటకు లేదు. సభలో అన్ని బ్రతుకులవారు కూర్చుండిన గాని తీర్పు సమగ్రము కాదని ఆ శాస్త్రకారుడు ఎఱుగును.

*

ఇక మన తెలుగు సంగతి. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణమును యుద్ధకాండతో ముగించెను. ఉత్తరకాండను ఆయన కుమారులు కాచవిభుడును, విట్ఠలుడును వ్రాసిరి. తండ్రి ఆపినచోట కుమారులు మొదలిడిరి. భాస్కర రామాయణము ఆఱు కాండలు. మొల్ల రామాయణమును ఆఱు కాండలే. ఇరువదవ శతాబ్దిలో విశ్వనాథ సత్యనారాయణగారి రామాయణ కల్పవృక్షము సైతము యుద్ధకాండతోనే ముగిసినది. వీరందఱును జగదల్పూరు తండ్రిగారి పక్షమువారని చెప్పవచ్చును.

తిక్కన దారి వేఱు. పదుమూడవ శతాబ్దిలో నెల్లూరి మనుమసిద్ధికి అంకితముగా ఆయన వ్రాసిన నిర్వచనోత్తర రామాయణము, పేరులోనే చెప్పుచున్నట్లు, వచనము లేని పద్యకావ్యము. కథ ఉత్తరకాండ కథ. అందఱు విడిచిన కాండను ఆయన కోరి పట్టుకొనెను. కాని, పట్టినవాడు కడవఱకు పోలేదు. పది ఆశ్వాసములు వ్రాసి, రామనిర్యాణమును వదలివేసెను. ఆ కొఱత తీర్చుటకు తరువాతి కాలమున జయంతి రామభట్టు మఱియొక ఆశ్వాసమును వ్రాయవలసివచ్చెను. కారణము లెన్నియైన ఊహింపవచ్చును. నాకు మాత్రము ఇందులో కవియు ప్రేక్షకుడును ఒకే మనుష్యునిలో తగవులాడినట్లు కనబడుచున్నది. సీత దుఃఖమును దాచుట తిక్కనకు ఇష్టము లేదు. రాముని అంతమును చెప్పుటకు మనసు రాలేదు. పదునెనిమిదవ శతాబ్దిలో కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును మరల చేపట్టి, దానిని ఇంటింట చదువుకొను కావ్యముగా చేసెను.

పండితుల గ్రంథములకు వెలుపల, మన స్త్రీలు దంపుళ్ళకడను ఊయలలకడను పాడుకొనిన రామాయణమొకటి కలదు. సీత వెలివడుటకు వారి పాటలలో వేఱు కారణము చెప్పబడును. శూర్పణఖ మాఱువేషములో వచ్చి, రావణుని పటమును వ్రాసి చూపుమని సీతను నిర్బంధించును. రావణుని మొగమును కన్నెత్తి చూడని సీత కాలి బొటనవ్రేలు మాత్రమే వ్రాయును. మిగిలిన బొమ్మను శూర్పణఖ పూర్తిచేయును. ఆ పటము ఇల్లు విడువక సీతను వెన్నాడును. చాకలివాని మాటకన్న అత్తవారింటి అసూయలను చక్కగా ఎఱిగిన గృహిణుల కల్పనము ఇది. వారును ముగింపుతో రాజీపడలేదు. దానికి తమ ఇంటి కారణమును వెదకుకొనిరి. వెల్చేరు నారాయణరావుగారు ఈ పాటలపై వ్రాసిన వ్యాసము 1991లో వెలువడి, దేశాంతరముల పండితుల దృష్టిని వీనివైపు త్రిప్పినది.

ఆధునికులు తగవును బహిరంగముగా సభకెక్కించిరి. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు 1920లో శంబుకవధ నాటకముతో ఉత్తరకాండలోని మఱియొక గాయమును విప్పిచూపిరి. చలము సీతచేత అగ్నిప్రవేశవేళ మాటలాడించిరి. ఓల్గాగారి 'విముక్త' కథలు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారము నందుకొన్నవి. ఆ కథలలో సీత అహల్య, శూర్పణఖ, రేణుక, ఊర్మిళలను కలిసికొని తన మార్గమును తాను తెలిసికొనును. పట్టాభిషేకముతో ముగించువారికి ఈ రచనలు కంటకములు. కాని ఉత్తరకాండయే లేకున్న ఈ రచనలకు నిలుచు చోటే లేదు.

ఇంత తగవున్నను తెలుగు ప్రేక్షకులు ఉత్తరకాండకు వెఱచినవారు కారు. చిత్తజల్లు పుల్లయ్యగారు 1934లో లవకుశ చిత్రమును తీయగా జనులు బండ్లు కట్టుకొని వచ్చి చూచిరి. 1963 మార్చి 29వ తేదీన విడుదలయైన రెండవ లవకుశను పుల్లయ్యగారు ప్రారంభింపగా ఆయన కుమారులు సి. యస్. రావుగారు పూర్తిచేసిరి. రంగులలో వచ్చిన మొదటి సంపూర్ణ తెలుగు చిత్రమిదియే. నందమూరి తారకరామారావుగారిని రామునిగా పూజించిన ప్రేక్షకులే ఆ చిత్రములో సీతను అడవికి పంపిన రామునిమీద కోపగించి కన్నీరు పెట్టుకొనిరి. పూజయు కోపమును ఒకే హృదయములో ఇముడునని ఆ చిత్రశాలలు నిరూపించినవి. 1988లో తెలుగునాట నుండి చూచినవారికి ఉత్తరాది వివాదము కొంత వింతగా తోచుటకు ఇది ఒక కారణము. మనకు లవకుశుల పాట అప్పటికే కంఠస్థము.

ఈ స్థితి మనకు మాత్రమే కలిగినది కాదు. షేక్‌స్పియరు రచించిన లియరు రాజు నాటకములో కార్డీలియా మరణమును సహింపలేక, నేహమ్ టేట్ అను కవి 1681లో దానికి సుఖాంతమును కూర్చెను. ఇంగ్లండు రంగస్థలముపై నూటయేబది యేండ్లు ఆ సుఖాంతమే ఏలినది; 1838లో గాని మెక్రీడీ అను నటుడు మూలమును పునరుద్ధరింపలేదు. ఇబ్సెన్ 1879లో వ్రాసిన 'బొమ్మరిల్లు'లో నోరా ఇల్లు విడిచి తలుపు మూసికొని వెళ్ళును. జర్మనీలో ఆ పాత్రను ధరింపవలసిన నటి తాను పిల్లలను విడిచి పోజాలనని పట్టుబట్టగా, నోరా వెళ్ళక నిలిచిపోవు మఱియొక ముగింపును ఇబ్సెన్ మనసు చంపుకొని తానే వ్రాసియిచ్చెను. ఇల్లు విడిచిన స్త్రీ కథకు ప్రేక్షకులు ఎల్లెడల తడబడుదురు. అయితే ఆ దేశములలో మూలముండెను, మార్పుండెను. రెండును అచ్చులో నిలిచినవి. కాలము వచ్చినప్పుడు చదువరి తనకు తానై తూచుకొనగలిగెను.

*

1988 నాటి వివాదములో క్రొత్తదనమేదైన ఉన్నచో అది ఇచ్చటనే యున్నది. పూర్వము ముగింపు నచ్చనివాడు మఱియొక కావ్యము వ్రాసెను, మఱియొక పాట కట్టెను. ఒకరిది ఒకరికి అడ్డము కాలేదు. టెలివిజన్ వచ్చిన తరువాత దేశమంతటికిని ఒకే తెర, ఒకే రామాయణము. ఆ తెర ప్రభుత్వముది. కావున ముగింపు నచ్చనివాడు పోయి తలుపు తట్టవలసిన చోటును ఒక్కటే. చరిత్రకారులు రోమిలా థాపర్ 1989లో వ్రాసిన వ్యాసమున ఈ ప్రమాదమునే ఎత్తిచూపిరి: ప్రభుత్వసహాయముతో ప్రసారమైన ఒక పాఠము దేశమునకు ప్రమాణపాఠమై, తక్కిన రామకథలు మఱుగునపడునని ఆమె భయము. ఏ. కె. రామానుజన్‌గారు 1991లో ప్రచురితమైన తమ వ్యాసములో రామకథలు వందలుగా ఉన్నవని, ఏ ఒక్కటియు తక్కినవానికి నకలు కాదని ప్రతిపాదించిరి. జలంధరు కార్మికులకు వలెనే సమ్మె చేయగల బలముండుటచేత ఒక కోరిక నెఱవేఱినది. బలము లేనివారి ముగింపుల గతి యేమి? గోండుల కథలకు, కోయల కథలకు, మన స్త్రీల పాటలకు ఏ నగరములో చెత్త పేరుకొనును?

ఈ ప్రశ్నతో నేను మరల జగదల్పూరునకు వచ్చుచున్నాను. ఆ దసరాను నడపిన రాజవంశము మన ఓరుగంటితో సంబంధము గలదని ప్రతీతి. 1323లో కాకతీయరాజ్యము కూలిన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యము స్థాపించెనని ఐతిహ్యము. 1703 నాటి దంతెవాడ శాసనమును ఈ వంశక్రమమునే చెప్పుచున్నది. దంతేశ్వరి ఆ వంశమునకు ఇలవేల్పు. ఉత్సవము మన లెక్కకు ఆషాఢ బహుళ అమావాస్యనాడు, రథమునకు తెచ్చిన దుంగకు పూజతో మొదలగును. రథమును కొన్ని గ్రామములవారు చెక్కుదురు, కొన్ని గ్రామములవారు త్రాళ్ళు పేనుదురు, కొన్ని గ్రామములవారు లాగుదురు. మిర్గాను కులపు బాలిక ముండ్ల ఊయలపై ఊగి అనుమతి నిచ్చిన గాని ఉత్సవము సాగదు. పూర్వము రాజు కూర్చుండిన రథముమీద ఇప్పుడు దేవి ఛత్రము కూర్చుండును.

విజయదశమినాడు ఎనిమిది చక్రముల రథము పురవీధులలో తిరుగును. మనము అది ముగింపు అనుకొందుము. కాని ఆ రాత్రి కిలేపాల్ ప్రాంతపు మాడియాలు రథమును దొంగిలించి, ఊరి వెలుపల కుమ్డాకోటు అడవికి లాగికొనిపోవుదురు. మఱునాడు రాజవంశీయుడు వారికడకు తానే వెళ్ళవలెను. వారితో కలిసి క్రొత్తబియ్యపు అన్నము తినవలెను. అటు పిమ్మటనే రథము తిరిగి వచ్చును. తరువాత మురియా దర్బారు. అందు గ్రామపెద్దలు తమ కష్టసుఖములను ఏలువారికి చెప్పుకొందురు. కడపట, వచ్చిన దేవతలందఱికిని వీడ్కోలు.

ఆ రాత్రి రథము చీకటిలోనికి పోవుచుండగా చూచుచు, ఆ వృద్ధోపాధ్యాయుడు నా ప్రక్కన నిలుచుండిరి. "దొంగతనం అంటారు గాని, తాళం వేసుకోరు చూశారా?" అని ఆయన అనిరి. ఆ మాట నేను మఱువలేదు. నగరము తన కథను తాను ముగించుకొనదు. అడవివారు వచ్చి దానిని పట్టుకొనిపోవుటకు ఆ ఉత్సవములోనే తావున్నది. రాజు వెళ్ళి వారి పంక్తిలో కూర్చుండుటయు విధిలోనిదే. జలంధరులో సమ్మెగా బయటినుండి రావలసినది, బస్తరులో ముగింపునకు అంగముగా లోపలనే యున్నది. దీనితో ఆ సీమ మనుష్యుల కష్టములు తీఱినవని నేననను. ఆ అడవులు చూచిన దుఃఖము అందఱికిని తెలిసినదే. ఒక్క సంగతి మాత్రము చెప్పగలను: ముగింపులో ఇతరునికి భాగమీయవలెనను వివేకము ఆ జనులకు పుస్తకములు చదివి వచ్చినది కాదు.

ఇచ్చట నా తప్పును ఒకదానిని చెప్పుకొని విరమించెదను. ఇరువది యేండ్ల క్రిందట బాలల కొఱకు రామాయణమును తెలుగులోనికి సంక్షిప్తముగా అనువదించు పని నాకు వచ్చినది. మూలములో ఉత్తరకాండ ముప్పది పుటలున్నది. ప్రకాశకులు దానిని విడిచిపెట్టుడనిరి. పిల్లలకు దుఃఖమెందులకని వారి వాదము. నేను మాఱు పలుకలేదు. పుస్తకము పట్టాభిషేకముతో ముగిసినది. మొదటి పుటలో సంక్షేపమని యున్నది గాని, ఏది సంక్షేపింపబడినదో ఎచ్చటను లేదు. అది ఆఱు కాండల రామాయణమని చెప్పియుండినను దోషము లేకపోయెడిది. మొల్ల చేసినది అదియే గదా. చెప్పక విడిచితిని. జగదల్పూరు నుండి వచ్చిన తరువాత ఆ పుస్తకమును తెఱచి చూచుకొంటిని. అందు వాల్మీకి లేడు, లవకుశులు లేరు, పట్టాభిషేకము పిమ్మట సీత మాట ఒక్కటియు లేదు. "శుభం ఎవరికండీ?" అని అడిగిన ఆ తల్లికి నా పుస్తకములో సమాధానము లేదు.

పట్టాభిషేకముతో ముగించు హక్కు కవికి కలదు. తిక్కనవలె కడపటి పుట వ్రాయక నిలిచిపోవు హక్కును కలదు. చూచువారికి, వినువారికి అది చాలదని చెప్పు హక్కు కలదు. ఒకరి హక్కు మఱియొకరి హక్కును మ్రింగకుండుటకు మార్గము ఒక్కటియే: ఎచ్చట ఆపితిమో చెప్పి ఆపుట, తరువాత ఏమైనదని అడుగువానికి త్రోవ విడుచుట. ఆ బాలల పుస్తకము మరల అచ్చు కానున్నది. ముప్పది పుటలను ఇప్పుడు అనువదించుచున్నాను. వాల్మీకి ఆశ్రమద్వారమున సీత నిలిచిన ఘట్టము వఱకు వచ్చినది.